చార్టులో ఆఖరి గడి

మా ఆఫీసులో కాగితం మూలన పొట్టి సంతకం ఒకటి పడిందంటే, ఆ కాగితాన్ని అధికారిగారు చూసినట్టే లెక్క. నిజంగా చూశారా అని అడిగే నాథుడు లేడు. కేంద్ర ప్రభుత్వంలో స్టెనోగ్రాఫరుగా చేరి, ముప్పై మూడేళ్ళకు ప్రైవేట్ సెక్రటరీ దాకా వచ్చినదాన్ని. ఎంతమంది ముందు ఎన్ని ఫైళ్ళు తెరిచి పట్టుకున్నానో చెప్పలేను. టీ తాగుతూ ఒకరు, ఫోనులో మాట్లాడుతూ ఒకరు, కారెక్కబోతూ ఫైలు గోడకు ఆనించి ఒకరు, అందరూ చూశామని సంతకం పెట్టినవాళ్ళే. ఆ అలవాటు నాకూ వచ్చింది. అది నా అరికాలి దాకా వస్తుందని మాత్రం అనుకోలేదు.

షుగరు నాకు నలభై అయిదో ఏట వచ్చింది. ఇంట్లో స్వీటు డబ్బా మూత తీసేది మావారు, షుగరు వచ్చింది నాకు. ఈ అన్యాయం గురించి ఆయన్ని ఎన్నిసార్లు నిలదీసినా, “నీకు కోపం ఎక్కువ, అందుకే” అని తేల్చేశారు. మాత్రలు మింగుతూ, అడిగినప్పుడల్లా రక్తం ఇస్తూ, ఢిల్లీలో ఆర్కే పురం క్వార్టర్సుకీ ఆఫీసుకీ మధ్య తిరుగుతూ పన్నెండేళ్ళు గడిపాను. ఆ తర్వాత కాళ్ళు మొదలుపెట్టాయి.

ముందు వేళ్ళ చివర్లలో చిమచిమలు. తర్వాత సాయంత్రం అయ్యేసరికి అరికాళ్ళ నిండా మంట, కారం రాసినట్టు. పొద్దున్న ఆఫీసుకి వెళ్ళే ఓపికంతా ఆ మంటే తినేసేది. దుప్పటి అంచు తగిలినా విసుగు, ఎవరైనా పలకరించినా విసుగు. కొన్నాళ్ళకు మంట తగ్గుతుంటే సంతోషపడ్డాను కూడా. అది తగ్గడం కాదని, కాళ్ళు మొద్దుబారుతున్నాయని నాకేం తెలుసు? ఒకరోజు మెట్రో స్టేషన్లో ఎస్కలేటర్ దిగి చాలా దూరం నడిచాక వెనకనుంచి ఒక అమ్మాయి పరిగెత్తుకొచ్చింది. “ఆంటీ, ఆప్‌కీ చప్పల్!” అంటూ నా ఎడమ చెప్పు చేతిలో పట్టుకుని నిలబడింది. నా ఎడమకాలికి చెప్పు లేదన్న సంగతి ఆ పిల్ల చెబితే తెలిసింది నాకు.

ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన నన్ను బల్ల మీద పడుకోబెట్టి, నైలాను దారం ముక్క లాంటిది ఒకటి తీశారు. కళ్ళు మూసుకోమన్నారు. కాలికి తగిలినప్పుడల్లా ‘హాఁ’ అనమన్నారు. కళ్ళు మూసుకుని బుద్ధిగా ఎదురుచూశాను. ఫ్యాను చప్పుడు వింటూ ఎంతసేపని పడుకుంటాను? “డాక్టరుగారూ, మొదలుపెట్టండి” అన్నాను. “అయిపోయిందమ్మా” అన్నారాయన. కళ్ళు తెరిచేసరికి కాగితం మీద పాదం బొమ్మలో ఎర్ర సిరాతో చుక్కలు పెట్టుకుంటున్నారు. ఎనిమిదో తొమ్మిదో చుక్కలు. అన్నిచోట్లా తగిలించారట.

నరాలు దెబ్బతిన్నాయన్నారు. షుగరు అదుపులో పెట్టుకోమన్నారు, మందు ఒకటి మార్చారు, వ్యాయామం మొదలుపెట్టమని ఫిజియోథెరపీ గదికి పంపారు. ఆ గదిలో ఉన్నది హర్యానా మనిషి, ముప్పై అయిదేళ్ళుంటాయి, గొంతు పెద్దది. “నరాలు ఎంతవరకు తిరిగొస్తాయో నేను చెప్పలేను ఆంటీజీ. కానీ కండరాలు ఇంకా మీ మాట వింటున్నాయి. వాటికి పని చెప్పండి, మీరు పడిపోకుండా అవి చూసుకుంటాయి” అంది హిందీలో. ఆ మాట నాకు నచ్చింది. డబ్బై ఏళ్ళ వాళ్ళను కూడా కుర్చీ పట్టుకుని నిలబెట్టి, చిన్నపిల్లల్ని అదిలించినట్టు అదిలించి పని చేయించేది.

నాకు అయిదు పనులు చెప్పింది. వంటింటి గట్టు పట్టుకుని మడమలెత్తి మునివేళ్ళ మీద నిలబడడం. కుర్చీ పక్కన ఒంటికాలి మీద ఉండడం. చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం. నేల మీద తువ్వాలు పరిచి కాలివేళ్ళతో దగ్గరికి లాక్కోవడం. రోజూ అరగంట నడక, అదీ బూట్లు వేసుకునే. ఇంట్లో కూడా ఉత్తకాళ్ళతో తిరగొద్దని గట్టిగా చెప్పింది. ఇవన్నీ వరసగా గడులు గీసిన చార్టు ఒకటి చేతికిచ్చింది, నెలకొక కాగితం. ఆఖరి గడి వ్యాయామం కాదు. ప్రతి సాయంత్రం పాదాలు చూసుకోవాలి, అరికాలు, మడమ, వేళ్ళ సందులు. చూసుకున్నట్టు ఆ గడిలో టిక్కు పెట్టాలి.

“నాకు నడుం వంగదు, మోకాలు మడత పడదు, అరికాలు ఎలా కనిపిస్తుంది?” అన్నాను.

“అద్దం పెట్టుకోండి. లేదంటే ఘర్ మే అంకుల్‌జీ హై నా? ఉన్‌కో దిఖా దీజియే.”

ఆయనకి చూపించడమా! నేను కళ్ళు పెద్దవి చేసేసరికి ఆ పిల్ల నవ్వింది. దానికి నవ్వుగానే ఉంటుంది. కాకినాడలో మా అమ్మ నాన్నగారి ఎదుట కాళ్ళు చాపుకుని కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. మొగుడి చేత కాళ్ళు పట్టించుకున్న ఆడదానికి పుట్టగతులుండవని విని పెరిగినదాన్ని. మహిళా సాధికారత మీద మా పెద్ద అధికారులు ఇచ్చిన ఉపన్యాసాలు ఎన్ని టైపు చేశానో లెక్కలేదు. ఒక్క అక్షరం తప్పు పోకుండా చేశాను. అది వేరు, ఇది వేరు.

ఆయన నా కాళ్ళు ముట్టుకున్నది ఒక్కసారే, పెళ్ళిలో. సన్నికల్లు మీద నా పాదం పెట్టించి వేళ్ళకి మెట్టెలు తొడిగారు. తల వంచుకుని కూర్చున్నాను కాబట్టి ఆ చేతులు బాగా చూశాను.  చెమట పట్టి చల్లగా ఉన్నాయి. ఒక్కొక్క వేలూ ఎక్కడెక్కడ తగిలిందో ఇప్పటికీ చెప్పగలను.

వ్యాయామం మాత్రం నిజంగానే చేశాను. అది ఒప్పుకోవాలి. సాయంత్రం ఆరున్నరకి ఇల్లు చేరి, సంచి సోఫా మీద పడేసి, బియ్యం కడిగి కుక్కరు పెట్టి, గట్టు పట్టుకుని మడమలు ఎత్తడం మొదలుపెట్టేదాన్ని. మూడో విజిల్ వచ్చేదాకా ఒకటి, నాలుగో విజిల్‌కి ఇంకొకటి. ఒళ్ళంతా పిండేసిన బట్టలా ఉండేది. ఒక్కరోజు మానేస్తే ఎవరు చంపుతారు అనిపించేది. మావారు వంటింటి గుమ్మంలో నిలబడి వేళాకోళం ఆడేవారు.

“ఏంటోయ్, అటక మీద ఆవకాయ జాడీ అందుకుంటున్నావా?”

“అవునండీ, అందగానే మీ నెత్తిన పెడతా.”

నవ్వేవారు గానీ, కుర్చీ తెచ్చి నా వెనక పెట్టేవారు, పడితే పట్టుకోవడానికి. మావారు ప్రభుత్వ మ్యాపుల ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. సన్నగీతలు చూసి చూసి ఆయన కళ్ళకి భూతద్దం అలవాటైపోయింది. పేపరు కూడా దాంతోనే చదువుతారు. ఏ పని చేసినా నిదానం. ఒక కూరగాయ తరగమంటే అన్ని ముక్కలూ ఒకే కొలత వచ్చేదాకా పక్కవాడికి ఆకలేస్తుందన్న ధ్యాస ఉండదు.

రెండు నెలలకి ఫలితం కనిపించింది. రెండు చేతులతో గట్టు పట్టుకునేదాన్ని ఒక్క వేలు ఆనించి నిలబడగలిగాను. మెట్రోలో కడ్డీ పట్టుకుంటే బోగీ కుదిపినా తూలడం లేదు. మంట కూడా కొన్ని సాయంత్రాలు సన్నగిల్లింది. ఫిజియోథెరపిస్టు పిల్ల నా చార్టు పైకెత్తి గదిలో అందరికీ చూపించింది. “దేఖియే, యే హోతా హై సరకారీ కామ్!” అంది, సర్కారు పనంటే ఇలా ఉండాలన్నట్టు. అందరూ నావైపు చూశారు. ఆ నెల చార్టుని గోడకి అతికించింది కూడా.

ఆ చార్టులో ఆఖరి గడి అంతా అబద్ధం. మొదటి నాలుగు రోజులు అద్దం కింద పెట్టుకుని ప్రయత్నించాను. కళ్ళజోడు జారిపోయేది, ట్యూబులైటు వెలుగు అద్దంలో పడి ఏమీ కనిపించేది కాదు. రోజంతా ఎవరో చెప్పింది రాసి, ఇంటికొచ్చి వండి, మడమలెత్తి, ఒంటికాలి మీద నిలబడి, మళ్ళీ ఈ అద్దం ముందు కూర్చోవాలంటే ఏడుపొచ్చేది. అయిదో రోజు చూడకుండానే టిక్కు పెట్టాను. ఆ తర్వాత ఆదివారం కూర్చుని వారం మొత్తానికీ ఒకేసారి పెట్టేదాన్ని. అనుమానం రాకుండా రెండు పెన్నులు మార్చి మార్చి వాడాను. ఆ తెలివి ఎక్కడ నేర్చుకున్నానో వేరే చెప్పక్కర్లేదు.

చలికాలం పోయి ఎండ బాగా వస్తున్న రోజుల్లో పొద్దున్న నడకకి మా క్వార్టర్స్ దగ్గరి పార్కుకి వెళ్ళడం మొదలుపెట్టాను. మా అమ్మాయి నోయిడా నుంచి బూట్లు కొని పంపింది. “పెహన్‌నా జరూర్, మమ్మీ” అంటూ, తప్పకుండా వేసుకోమని ఫోన్లో నాలుగుసార్లు చెప్పింది. దానికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే. చీర మీద ఆ తెల్లబూట్లు వేసుకుని నడుస్తుంటే నన్ను చూసి నాకే నవ్వొచ్చేది. పార్కులో ఆడవాళ్ళ గుంపు ఒకటి ఉంది. చప్పట్లు కొడతారు, గట్టిగా నవ్వుతారు, భజన పాడతారు. వాళ్ళకి పెద్ద దిక్కు ఒక పంజాబీ ఆవిడ, స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. ఆవిడ మాట కాదనే ధైర్యం మగవాళ్ళకి కూడా లేదు.

ఆ పార్కులో ఒక మూల గులకరాళ్ళు పాతిన బాట ఉంది. ఢిల్లీ పార్కుల్లో చాలాచోట్ల ఉంటుంది. దాని మీద చెప్పుల్లేకుండా నడిస్తే ఒంట్లో ఉన్న రోగాలన్నీ పోతాయని నమ్మకం. “జూతే ఉతారో, షుగర్ భాగ్ జాయేగీ” అంది హెడ్‌మిస్ట్రెస్‌గారు, బూట్లు విప్పితే షుగరు పారిపోతుందట. నేను తటపటాయించాను. మిగతావాళ్ళంతా చెప్పులు వదిలి బాటెక్కారు. రెండడుగులకొకసారి ‘హాయ్ హాయ్’ అంటూ, ఒకరి భుజం ఒకరు పట్టుకుని, పిల్లుల్లా ఆచితూచి అడుగులు వేస్తున్నారు. ఒంటరిగా గట్టున నిలబడడం బాగుండదని నేనూ బూట్లు విప్పాను.

నేను ఆ రాళ్ళ మీద మా ఇంటి హాల్లో నడిచినట్టు నడిచాను. ఈ చివరనుంచి ఆ చివరికి, మళ్ళీ వెనక్కి. మిగతావాళ్ళు ఆగిపోయి చూశారు. హెడ్‌మిస్ట్రెస్‌గారు చప్పట్లు కొట్టారు. “దేఖో సౌత్ వాలీ బెహన్‌జీ కో! కిత్‌నీ మజ్‌బూత్ హై!” అన్నారు. ముప్పై మూడేళ్ళుగా ఈ ఊళ్ళో నా యాసనీ, నా సాంబారునీ, నా రంగునీ అందరూ మెత్తమెత్తగా ఎగతాళి చేసినవాళ్ళే. గట్టి మనిషినని పదిమందిలో ఒకరు మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఎంత గర్వపడ్డానో. ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదని చెబితే అది ఇంకో అబద్ధపు టిక్కు అవుతుంది. అనుమానం వచ్చింది. పక్కకి నెట్టేశాను.

మర్నాటినుంచి రోజూ అదే పని. రెండు చుట్లు మూడయ్యాయి. కొత్తగా వచ్చినవాళ్ళకి నన్ను చూపించేవారు. మావారికి చెబితే భూతద్దం పక్కన పెట్టి, “బూట్లు విప్పొద్దని ఆసుపత్రిలో ఆవిడ చెప్పింది కదోయ్” అన్నారు. “మీరు ఒక్కరోజు నడిచి అప్పుడు మాట్లాడండి” అని గయ్యిమన్నాను. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఫిజియోథెరపిస్టుకి నేను చెప్పలేదు.

హోలీకి పనిమనిషి ఊరెళ్ళింది. ఆ ఆదివారం మావారు ఇల్లు తుడుస్తున్నారు. నేను వంటింట్లో ఉప్మాకి పోపు వేస్తున్నాను. హాల్లోంచి కేకేశారు.

“ఏమోయ్, దేవుడి దగ్గర కుంకం ఒలికించావా?”

“లేదండీ.”

 ఆయన సంగతి నాకు తెలుసు, గచ్చు మీద మరక కనిపిస్తే అది ఎక్కడ మొదలై ఎక్కడిదాకా పోయిందో తేల్చందే వదలరు. మళ్ళీ గొంతు వినిపించింది, ఈసారి దగ్గరగా. “ఇవన్నీ ఒకే కాలివి. కుడికాలివి.” తిరిగి చూస్తే గుమ్మం దగ్గర గొంతుక్కూర్చుని నేల చూస్తున్నారు. వీధి తలుపునుంచి దేవుడి గూటికి, అక్కణ్ణించి వంటింటికి, అడుగడుగుకీ ఒక ఎర్రచుక్క. చివరి చుక్క నా కాలి కింద ఉంది.

“కాలెత్తు.”

“ఎందుకండీ?”

“కాలెత్తవే బాబూ.”

నేను ఎత్తలేదు. ఆయన అక్కడే నేల మీద చతికిలబడి నా చీలమండ పట్టుకున్నారు. “ఛీ ఛీ, వదలండి! నా కాళ్ళు పట్టుకోవడమేంటి, పాపం నాకు!” అని అరిచాను. పొయ్యి మీద ఆవాలు మాడిపోతున్నాయి. “నోరు మూసుకుని గట్టు పట్టుకో” అన్నారు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ గొంతు నేను వినలేదు. గట్టు పట్టుకున్నాను. ఒంటికాలి మీద నిలబడ్డాను. రోజూ చేసినందుకు తూలకుండా నిలబడ్డాను, అదొక్కటే ఆ పూట నాకు పనికొచ్చింది.

ఆయన నా పాదాన్ని వెలుగువైపు తిప్పి పట్టుకున్నారు.

“ఏముందండీ?”

“నొప్పి లేదా?”

“ఎక్కడ?”

ఆయన తలెత్తి నావైపు చూశారు. తర్వాత చెప్పారు, అప్పుడు ఆయన బొటనవేలు పుండు అంచు మీదే ఉందట, నొక్కి పట్టుకున్నారట. రెండో వేలి కింద చర్మం చీలి, అందులో గులకరాయి పెచ్చు ఇరుక్కుని చీము పట్టి ఉంది. ఆ వేలు ఉబ్బి నల్లబడింది. వెండి మెట్టె కండలోకి దిగబడిపోయి అంచు మాత్రం కనిపిస్తోంది. ఎన్నాళ్ళనుంచి అలా ఉందో నాకు తెలియదు. నా కాలు, నాకు తెలియదు. ఆయన కళ్ళల్లో నీళ్ళు చూసి భయం వేసింది. అంతవరకూ భయం కూడా వేయలేదు.

ఆసుపత్రిలో నర్సు చిన్న కటింగ్ ప్లేయరుతో కుడికాలి మెట్టె కత్తిరించింది. అది తెగుతుంటే మావారు మొహం తిప్పుకున్నారు. సర్జను ఇనపపుల్ల లాంటిది పుండులోకి దించి చూసి, చీము ఎముక దాకా పోలేదనే అనుకుంటున్నానన్నాడు. అనుకోవడమేమిటని అడిగాను. పోయి ఉంటే ఆ వేలు తీసేయాలి, ఒక్కోసారి వేలితో ఆగదు, ఎక్స్‌రే తీసి, మందు పని చేస్తుందో లేదో చూడాలన్నాడు. ఇంకో పధ్నాలుగు నెలల సర్వీసుంది నాకు. కర్ర పట్టుకుని సెండాఫ్ మీటింగుకి వెళ్ళడం కళ్ళముందు కనిపించింది. కుడికాలు నేల మీద మోపొద్దన్నారు. ఎడమకాలి మెట్టె కూడా ఇంటికెళ్ళి తీసేయమన్నారు, ఆ వేలు కూడా వాస్తోందని. తీస్తానని చెప్పి తీయలేదు. మొగుడు ఎదురుగా ఉండగా రెండు కాళ్ళూ బోసిగా పెట్టుకోవడానికి నాకు చేతులు రాలేదు.

డ్రెస్సింగుకి వెళ్ళినప్పుడు ఫిజియోథెరపీ గదికి కూడా తీసుకెళ్ళారు, చక్రాల కుర్చీలో. ఆ పిల్ల నా కట్టు చూసి, గోడ మీద ఉన్న నా చార్టు చూసింది. “ఆంటీజీ, ఇందులో ఒక్క గడి కూడా ఖాళీ లేదే!” అంది.

“చూడకుండానే పెట్టాను” అన్నాను. ఇంకేం చెప్పను? పార్కు సంగతీ చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది. ఆమె కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.

“ప్రతిసారీ నా దగ్గరికి వచ్చారు. నేను మీ టిక్కులు చూశాను, మీ మేజోళ్ళు విప్పించి చూడలేదు. కింద నా సంతకం కూడా ఉంది” అంది. లేచి గోడ మీద చార్టు తీసి మడిచి డ్రాయరులో పెట్టుకుంది. నా మీద నాకెంత సిగ్గేసిందో, ఆ పిల్ల మీద అంత జాలేసింది.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో తలుచుకుంటేనే నీరసం. మంచం, కుర్చీ, కిటికీ. కూర్చునే చేసే వ్యాయామాలు ఇచ్చింది ఆ పిల్ల, చేతులకి, నడుముకి, ఎడమ మోకాలికి. వంట ఆయనదే, వంకాయ ముక్కలన్నీ ఒకే కొలత. వారానికొకసారి కట్టు విప్పి కడిగాక, ఆయన తన పాత పెట్టెలోంచి ట్రేసింగ్ పేపరు ముక్క తీసి, పుండుకి తగలకుండా పైన పట్టుకుని, భూతద్దంలోంచి చూస్తూ దాని అంచు గీసుకునేవారు. కింద తేదీ. ఇన్నేళ్ళు దేశం సరిహద్దులు గీసిన చెయ్యి అది. నా అరికాలు గీస్తుంటే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. మొదటివారం కళ్ళు మూసుకున్నాను, రెండోవారం గోడ వైపు చూశాను. మూడో వారానికి, “తగ్గిందా?” అని నేనే అడిగాను.

కాగితాలన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుగులో చూపించారు. మొదటి గీత రూపాయి బిళ్ళంత. నాలుగోది చింతగింజంత. ఎనిమిదోది పెసరగింజంత. పదో వారం గీయడానికి ఏమీ లేదు. ఎముకకి ఏం కాలేదని, వేలు నిలిచిందని సర్జను చెప్పిన రోజు మావారు ఆసుపత్రి వరండాలో కూర్చుని ఒక ప్లేటు జిలేబీ తిన్నారు. నేను చూస్తూ కూర్చున్నాను. ఆ పూట ఏమీ అనలేదు.

మళ్ళీ నిలబడడం మొదటినుంచి నేర్చుకోవలసి వచ్చింది. ఇంత చేసి సంపాదించిన ఒక్క వేలి నిలకడ పోయింది, మళ్ళీ రెండు చేతులూ గట్టుకే. కొత్తగా ఇచ్చిన వెడల్పు బూట్లు ఇంట్లో కూడా వేసుకునే ఉంటున్నాను. పార్కుకి వెళ్ళి హెడ్‌మిస్ట్రెస్‌గారికి చెప్పాను, షుగరున్న ఎవరినీ ఆ రాళ్ళ మీద ఎక్కించొద్దని.  ఆ మర్నాడు చూస్తే ఆవిడ కూడా బూట్లు విప్పలేదు. ఆవిడకీ షుగరుందని అప్పుడు తెలిసింది.

కొత్త నెలకి కొత్త చార్టు ఇచ్చారు. వ్యాయామం గడుల్లో టిక్కులు నావి. ఆఖరి గడి మావారికి అప్పగించాను. సాయంత్రం దీపం పెట్టాక సోఫాలో కూర్చుంటాను. ఆయన ఎదురుగా పీట వేసుకుని, భూతద్దంతో మడమ దగ్గర మొదలుపెట్టి వేళ్ళ సందుల్లో ముగిస్తారు. టిక్కు పెట్టరు. పూర్తి సంతకం చేసి తేదీ వేస్తారు. అంత చిన్న గడిలో ఆ సంతకం ఎలా పట్టిస్తారో ఆయనకే తెలియాలి.

మొదటి సాయంత్రమే ఎడమకాలి మెట్టె దగ్గర ఆగిపోయారు. “ఇది తీయమన్నారుగా వాళ్ళు?”

“తర్వాత తీస్తాలెండి.”

“అచ్చు పడిపోయిందిక్కడ. రేపు ఇది కూడా కోసుకుపోతుంది.”

“తీయనండీ. మీరుండగా తీయడమేంటి, అశుభం.” నా గొంతు నాకే పిచ్చిగా వినిపించింది. అయినా అన్నాను.

ఆయన లేచి వంటింట్లోంచి కొబ్బరినూనె గిన్నె తెచ్చారు. మళ్ళీ పీట మీద కూర్చున్నారు. “పెట్టింది నేనే కదా. నేనే తీస్తున్నా. బతికే ఉన్నాను, కావాలంటే గిల్లి చూస్కో” అన్నారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇంక కాదనలేకపోయాను. కాలు ఆయన ఒళ్ళో పెట్టి, చూడలేక కళ్ళు మూసుకున్నాను.

కింద కూరగాయల బండివాడు కేకేసుకుంటూ పోతున్నాడు. పక్కింట్లో కుక్కరు విజిల్ వేసింది. నేను పళ్ళు బిగబట్టి కూర్చున్నాను. పెళ్ళినాటి చల్లని చేతులు గుర్తొచ్చాయి. ఇప్పుడు తగులుతాయి, ఇప్పుడు తగులుతాయి అని చాలాసేపు చూశాను.

“మొదలుపెట్టండి మరి” అన్నాను.

 కళ్ళు తెరిచాను. మెట్టె నూనెతో మెరుస్తూ చార్టు పక్కన పడి ఉంది. నా పాదం ఆయన రెండు చేతుల మధ్య ఉంది, గట్టిగా పట్టుకుని ఉన్నారు. చూస్తే తప్ప నాకు తెలియదు కాబట్టి, ఆయన వదిలేదాకా చూస్తూ కూర్చున్నాను.